కడప ఎండ, కడప బండ: ఇంటి త్రీడీ బొమ్మ ఫొటోలా రావాలంటే

ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో బొమ్మలో చూపించమని ఇప్పుడు కడపలో, అనంతపురంలో, కర్నూలులో ప్లాన్ గీయించుకునే ప్రతివాళ్లూ అడుగుతున్నారు. బొమ్మలైతే వస్తున్నాయి గానీ చాలావాటిని చూడగానే కంప్యూటర్లో చేసిందని తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ పాతదనో, గ్రాఫిక్స్ కార్డు చిన్నదనో చాలామంది అనుకుంటారు. నేను చూసినంతవరకు కారణం అది కాదు. ఎండ ఏ ఊరిదో తెలీదు, గోడకి మందం ఉండదు, నేలమీద బండలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఈ మూడూ సరిచేస్తే మామూలు కంప్యూటర్లోనే బొమ్మ ఫొటోకి దగ్గరగా వస్తుంది.

నేను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చెప్తాను. అది పూర్తిగా ఉచితం, అందులోని సైకిల్స్ రెండర్ ఇంజిన్ వెలుతురు ప్రయాణాన్ని లెక్కగట్టి బొమ్మ చేస్తుంది. ఆ లెక్కకి మూలమైన రెండరింగ్ ఈక్వేషన్‌ని జేమ్స్ కజియా 1986లో ప్రచురించాడు, ఇవాళ వాడుకలో ఉన్న ఫొటోలాంటి రెండర్లలో ఎక్కువ భాగం దానిమీదే నడుస్తున్నాయి. కాబట్టి మీరు వీ-రే, కరోనా లాంటి వేరే రెండర్ సాఫ్ట్‌వేర్ వాడినా కింద చెప్పేవాటిలో చాలావరకు పనికొస్తాయి, బటన్ల పేర్లు మాత్రం మారతాయి. ఉదాహరణకి కడపలో మూడు సెంట్ల స్థలంలో తూర్పు వాకిలి ఇల్లు అనుకుందాం. హాలుకి దక్షిణం వైపు ఒక కిటికీ, నేలకి కడప బండ.

మొదట కొలతలు

సీన్ యూనిట్లని ముందే పెట్టుకోండి. ఇంపీరియల్ పెట్టుకుంటే అడుగుల్లోనే పని చేయొచ్చు, మేస్త్రీతో మాట్లాడేటప్పుడు సులువు. ప్లాన్ ఆటోక్యాడ్ నుంచి వస్తుంటే డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేయించుకుని తెచ్చుకోండి, డీడబ్ల్యూజీ ఫైల్‌ని బ్లెండర్ నేరుగా తెరవదు. తెచ్చాక ఏదో ఒక గదిని కొలిచి చూడండి. మిల్లీమీటర్లు మీటర్లయిపోయి ఇల్లు వెయ్యి రెట్లు పెరిగిపోవడం మామూలుగా జరిగేదే. సైజు తప్పితే దీపాల వెలుతురు, పొగమంచు, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (దూరాన్ని బట్టి మసకబారడం), బెవెల్ (అంచుల గుండ్రదనం) అన్నీ వరసగా తప్పుతాయి. ఏ వస్తువునైనా సాగదీస్తే Ctrl+A నొక్కి స్కేల్ అప్లై చేయడం మర్చిపోవద్దు.

ప్లాన్‌లో తొమ్మిదంగుళాల గోడ అని ఉంటుంది. అది ఇటుక కొలత. లోపలా బయటా సిమెంటు పూత పడ్డాక దాదాపు పది అంగుళాలవుతుంది. కిటికీ అడుగు నేలనుంచి 3 అడుగులు, లింటెల్ 7 అడుగులు, నేలనుంచి స్లాబు 10 అడుగులు, సజ్జ 2 అడుగులు బయటికి: ఇవి మన వైపు మామూలుగా పెట్టే కొలతలు, మీ ప్లాన్‌లో ఏముందో అది పెట్టండి. ఈ అంగుళాల గొడవ ఎందుకో ఎండ దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

ఇంకొకటి, ఏ అంచునీ కత్తిలా పదునుగా వదలొద్దు. నిజం గోడ మూల అయినా, తలుపు రెక్క అయినా, కిచెన్ ప్లాట్‌ఫాం బండ అయినా అంచు కొంచెం గుండ్రంగా ఉంటుంది, దానిమీద వెలుతురు సన్నటి గీతలా మెరుస్తుంది. బెవెల్ మాడిఫయర్ వేసి చెక్కకి 1, 2 మిల్లీమీటర్లు, పూత గోడ మూలకి 4, 5 మిల్లీమీటర్లు ఇవ్వండి. కిటికీ గ్రిల్ చువ్వలని ఒకటి చేసి అర్రే మాడిఫయర్‌తో వరసగా పెంచితే సరిపోతుంది. స్కర్టింగ్, గడప, స్విచ్‌బోర్డు, ఫ్యాను హుక్కు కూడా పెట్టండి. ఇవి లేని గది ఎంత బాగా చేసినా బొమ్మరిల్లులాగే ఉంటుంది.

ఎండ ఎటునుంచి, ఎంత ఎత్తునుంచి

అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. సూర్యుణ్ణి మనకి నచ్చిన చోట పెట్టేసి "బాగుంది" అనుకోవడం వల్లే ఎక్కువ బొమ్మలు పాడవుతున్నాయి. ఉత్తరం వైపు గోడమీద డిసెంబరులో మధ్యాహ్నం ఎండ పడుతున్న బొమ్మలు కూడా చూశాను. మన వైపు అది జరగదు.

బ్లెండర్‌కి సన్ పొజిషన్ అనే యాడాన్ (అదనంగా చేర్చుకునే ఉపకరణం) ఉంది. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఇస్తే సూర్యుణ్ణి సరైన చోట నిలబెడుతుంది. కడపకి 14.47 ఉత్తరం, 78.82 తూర్పు. కర్నూలుకి 15.83, 78.04. అనంతపురానికి 14.68, 77.60. టైమ్ జోన్ 5.5. ప్లాన్‌లో ఉత్తరం బాణం ఎటుందో చూసి దాని ప్రకారం దిక్కు తిప్పండి, మర్చిపోతే ఇదంతా వృథా. కడప రేఖాంశం మన గడియారం టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల కంటే పడమరగా ఉంది కాబట్టి సూర్యుడు నడినెత్తి గీత దాటేది గడియారంలో పన్నెండుకి కాదు, సుమారు పన్నెండుంపావుకి. తేదీని బట్టి అదీ కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు మన దక్షిణం కిటికీ సంగతి చూద్దాం. డిసెంబరు 21 మధ్యాహ్నం కడపలో సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సజ్జ నీడ గోడమీద రెండున్నర అడుగుల కిందికి దిగుతుంది, అంటే నాలుగడుగుల కిటికీలో పై రెండున్నర అడుగులు నీడ, కింది అడుగున్నర ఎండ. ఆ ఎండ పది అంగుళాల గోడ మందం దాటి హాల్లోకి రావాలి. లెక్కేస్తే నేలమీద పడేది నాలుగంగుళాలు కూడా లేని సన్నటి పట్టీ! అదే మీరు గోడకి మందం ఇవ్వకుండా అట్టముక్కలా పెట్టారనుకోండి, ఆ పట్టీ 13 అంగుళాలవుతుంది. మిగతాదంతా ఎంత జాగ్రత్తగా చేసినా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ల కంటికి ఏదో తేడాగా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. మార్చి 21కి సూర్యుడు 75 డిగ్రీలు దాటతాడు కాబట్టి మధ్యాహ్నం సజ్జ నీడ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అక్కణ్ణుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం ఉత్తరం వైపుకే వాలి ఉంటాడు. అంటే మే నెల మిట్టమధ్యాహ్నం దక్షిణం కిటికీలోంచి హాల్లోకి ఎండ పట్టీ వేస్తే అది తప్పు. ఎండ కావాలనుకుంటే ఉదయం ఎనిమిదికి తూర్పు వాకిలి నుంచి రానివ్వండి, గడప దాటి హాలు లోపలికి దూరంగా వస్తుంది, అందంగానూ ఉంటుంది, నిజంగానూ ఉంటుంది.

ఆకాశానికి స్కై టెక్స్చర్ వాడండి, 2.90 వెర్షన్ నుంచి బ్లెండర్‌లో ఉన్నది చాలా బాగుంటుంది. సూర్యుడూ ఆకాశమూ ఒకే లెక్కలోంచి వస్తాయి కాబట్టి రంగులు పొసగుతాయి. సన్ పొజిషన్‌ని దీనికే కలపొచ్చు. మన ఎండాకాలం ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా పాలిపోయి దుమ్ముగా ఉంటుంది. అందుకని గాలిలో దుమ్ముని పెంచే స్లైడర్‌ని కాస్త పైకి జరపండి, నీడలు అప్పుడే రాయలసీమ మధ్యాహ్నంలా కనిపిస్తాయి. వానాకాలం బొమ్మ అయితే దాన్ని తగ్గించేయండి. సన్ లైట్ విడిగా పెట్టుకుంటే దాని కోణం 0.53 డిగ్రీల దగ్గరే ఉంచండి, ఆకాశంలో సూర్యబింబం మనకి కనిపించే వెడల్పు అంతే. దాన్ని 5, 10 చేసి నీడని మెత్తబరిస్తే మబ్బు పట్టిన రోజులా ఉంటుంది.

కెమెరా

ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు. కెమెరాని అచ్చంగా అడ్డంగా ఉంచండి, ఎక్స్ రొటేషన్ 90. పైన స్లాబు ఎక్కువ కనపడాలంటే కెమెరాని పైకి వంచొద్దు, షిఫ్ట్ వై వాడండి, గోడలు నిలువుగా ఉంటాయి. లోపలి గదులకి లెన్స్ 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి, 18 కంటే కిందికి వెళ్తే పది బై పన్నెండు గది కల్యాణ మండపంలా కనిపిస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ బొమ్మ చూసి సోఫా కొంటారు. గది ఎంతుందో అంతే చూపించడం మన బాధ్యత. కెమెరా ఎత్తు నాలుగు, నాలుగున్నర అడుగులు బాగుంటుంది.

బండ, పూత, రంగు

వస్తువు పైభాగం ఎలా కనిపించాలో చెప్పేది షేడర్, అందులో ప్రిన్సిపుల్డ్ షేడర్ ఒక్కటి చాలు. మెటాలిక్ అనేది లోహమైతే 1, కాకపోతే 0, మధ్యలో ఏదీ పెట్టొద్దు. తెల్ల గోడకి బేస్ కలర్ 1.0 పెట్టొద్దు, వేసిన సున్నమైనా ఎమల్షన్ అయినా పడ్డ వెలుతురంతా వెనక్కి పంపదు, 0.8 దగ్గర ఆపండి. లేకపోతే గది మొత్తం ట్యూబులైట్ లోపల ఉన్నట్టు తేలిపోతుంది. రఫ్‌నెస్ (గరుకు), నార్మల్ (ఎగుడుదిగుడు) మ్యాపుల ఇమేజ్ నోడ్‌లో కలర్ స్పేస్‌ని నాన్ కలర్‌కి మార్చండి. ఇది మర్చిపోయి "మెరుపు సరిగ్గా రావట్లేదు" అని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక బండ. కడప, బేతంచర్ల, తాడిపత్రి పేర్లతో మనకి దొరికే నాపరాయి అంతా సున్నపురాయే, కానీ ఒకటి ఇంకోదానిలా ఉండదు. కడప బండ నలుపు. అలాగని సిరా నలుపు కాదు, పాలిష్ లేకపోతే బూడిద నలుపు, తడి చేస్తే ఒక్కసారిగా ముదురుతుంది. దీనికి నెట్‌లో దొరికే "బ్లాక్ స్టోన్" టెక్స్చర్ వేస్తే అది ఇటలీ పాలరాయిలా వస్తుంది తప్ప మన బండలా రాదు. కాబట్టి మీరే ఫొటోలు తీసుకోండి. మన జిల్లాల్లో బండల పాలిష్ యూనిట్లకి, అమ్మే యార్డులకి కొదవ లేదు. అడిగితే ఫొటో తీసుకోనిస్తారు. నీడలో తీయండి, ఎండలో తీస్తే మెరుపు బొమ్మలో ఉండిపోతుంది. ఫోన్‌ని బండకి సమాంతరంగా పట్టుకోండి, పక్కన తెల్ల కాగితం పెడితే తర్వాత రంగు సరిచేయడం సులువు. ఒక్క బండ ఫొటో చాలదు, కనీసం ఐదారు వేరువేరు బండలవి తీసుకోండి.

నేలని ఒక్క పెద్ద ప్లేన్‌గా చేసి టెక్స్చర్ పరిచేయొద్దు. రెండడుగుల బండని ఒక వస్తువుగా చేసి వరసగా పేర్చండి. ఒక్కో బండకీ ఆబ్జెక్ట్ ఇన్ఫో నోడ్‌లోని రాండమ్ విలువతో రంగు కొంచెం, రఫ్‌నెస్ కొంచెం మారేలా పెట్టండి, టెక్స్చర్ ఒక్కో బండ మీద ఒక్కో చోటునుంచి మొదలయ్యేలా జరపండి. బండల మధ్య సందు 3, 4 మిల్లీమీటర్లు వదిలి సిమెంటు బూడిద రంగుతో కొంచెం లోతుగా నింపండి. ఒక్కో బండని 0.1, 0.2 డిగ్రీలు అటూ ఇటూ వంచితే కిటికీ ప్రతిబింబం బండకీ బండకీ విరిగినట్టు కనిపిస్తుంది. నిజం నేలమీద వంగి చూడండి, సరిగ్గా అలాగే ఉంటుంది. ఎంత మంచి మేస్త్రీ పరిచినా అద్దంలా ఒకే మట్టంలో కూర్చోవు.

వంటింటి ప్లాట్‌ఫాం బండ దగ్గరికొస్తే ఇంకొంచెం ఆగాలి. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడి అలాగే ఉండిపోయిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. పొయ్యి చుట్టూ నూనె చేయి తగిలి ముదురుగా, కొంచెం జిడ్డుగా మెరుస్తుంది. సింకు పక్కన ఉప్పునీళ్లు ఆరి తెల్లటి పొర కడుతుంది. కొత్త ఇల్లు చూపిస్తుంటే ఇవన్నీ వద్దు, కానీ వాడిన ఇంటి బొమ్మ కావాలంటే రఫ్‌నెస్ మ్యాప్ మీద బ్రష్‌తో ఈ మచ్చలు మీ చేత్తో పెయింట్ చేయండి. నాయిస్ టెక్స్చర్ వేసి వదిలేస్తే మచ్చలు అన్ని చోట్లా సమానంగా పడతాయి, ఇంట్లో అలా ఎక్కడా పడవు. మచ్చ పడేది మనిషి పని చేసే చోట. రఫ్‌నెస్ విలువలు పాలిష్ బండకి 0.2, పాలిష్ లేనిదానికి 0.5 దగ్గర మొదలుపెట్టి ఫొటో పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. బండ అంచు మందం కూడా కనపడనివ్వండి, ప్లాట్‌ఫాం ఫొటోలో మొదట చూపు ఆగేది ఆ అంచు దగ్గరే.

బయట గోడ పూతకి చిన్న బంప్ (ఎగుడుదిగుడు) సరిపోతుంది, ఎండ పక్కవాటంగా పడినప్పుడు కనిపించి మధ్యాహ్నం మాయమయ్యేంత. పిట్టగోడ మీదనుంచి వాన నీళ్లు కారిన చారలు, నేల దగ్గర అడుగెత్తు దాకా చిందిన మట్టి రంగు: ఈ రెండూ తేలిగ్గా వేస్తే ఇల్లు నేలమీద నిలబడినట్టు ఉంటుంది. అనంతపురం వైపు ఎర్రమట్టి స్థలమైతే సజ్జ కింది భాగం కూడా ఎర్రబారుతుంది, నేలమీద పడ్డ ఎండ ఎగిరి అక్కడ తగులుతుంది కాబట్టి. నేల రంగు సరిగ్గా పెడితే సైకిల్స్ ఆ పని తనే చేస్తుంది, మీరు సజ్జకి ఎరుపు పూయనక్కర్లేదు.

ఇంటి లోపల

బయట నడి ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురు కొలమానం). లోపల హాల్లో కొన్ని వందలు. ఫోన్‌తో హాలు ఫొటో తీస్తే కిటికీ తెల్లగా పేలిపోవడం అందుకే. కాబట్టి గది కనిపించేలా ఎక్స్‌పోజర్ పెంచండి, కిటికీ కొంచెం తెల్లబడితే తెల్లబడనివ్వండి. లోపలా బయటా రెండూ పూర్తిగా కనిపించాలని గదిలో దాచిపెట్టిన లైట్లు నింపితే నిజం పోతుంది.

కిటికీ అద్దానికి గ్లాస్ షేడర్ నేరుగా వేస్తే ఎండ లోపలికి సరిగ్గా రాదు, గది చీకటిగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. లైట్ పాత్ నోడ్‌లోని ఈజ్ షాడో రే తీసుకుని, నీడ కిరణాలకి ట్రాన్స్‌పరెంట్, మిగతావాటికి గ్లాస్ వచ్చేలా కలపండి. లైట్ పాత్స్‌లో డిఫ్యూజ్ బౌన్స్ (వెలుతురు గోడలమీద ఎన్నిసార్లు ఎగిరేది) మామూలుగా 4 ఉంటుంది, లోపలి గదులకి 8 చేయండి. వసారా దాటి వెలుతురు రావాల్సిన లోపలి గదిలో తేడా వెంటనే కనిపిస్తుంది.

రాత్రి బొమ్మకి దీపం రంగుని కెల్విన్లలో ఇచ్చే బ్లాక్‌బాడీ నోడ్ వాడండి. ఫాల్స్ సీలింగ్‌లో దాచే పసుపు ఎల్‌ఈడీకి 3000 కెల్విన్, తెల్ల ట్యూబులైటుకి 6500. మన ఇళ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, వంటింట్లోంచి తెల్ల వెలుతురు, హాల్లో పసుపు. అలాగే చూపించండి. సీలింగ్ స్పాట్ లైట్లకి ఐఈఎస్ ఫైలు (దీపం వెలుతురు ఎటు ఎంత పడుతుందో చెప్పే ఫైలు) పెడితే గోడమీద వెలుతురు విప్పుకునే ఆకారం నిజం దీపంలా వస్తుంది, ఫైళ్లు దీపాల కంపెనీల సైట్లలో దొరుకుతాయి.

చుట్టూ ఏముంది

మూడు సెంట్ల స్థలం చుట్టూ లాన్, ముందు అరవై అడుగుల రోడ్డు, వెనక పైన్ చెట్లు. ఇలాంటి బొమ్మలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అప్పు చేసి ఇల్లు కట్టుకునే మనిషి "అన్నా, మా ఇల్లు ఇట్లనే వస్తాదా?" అని ఆ బొమ్మ చూసే అడుగుతాడు. స్థలం దగ్గరికి వెళ్లి నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పక్కింటి ఎత్తు ఎంతో, మధ్య సందు ఎంతో చూసి సీన్‌లో కనీసం బూడిద రంగు డబ్బాలుగానైనా నిలబెట్టండి, కెమెరాకి కనిపించకపోయినా సరే. మూడడుగుల సందు వైపు కిటికీలోంచి హాలు నిండా వెలుతురు రాదు, పక్కింటి గోడమీదనుంచి వాలిన రంగే వస్తుంది. ఇది ముందే బొమ్మలో తెలిస్తే కిటికీ చోటు మార్చుకోవడానికి ఇంకా టైముంటుంది.

చెట్టు కావాలంటే వేప, కానుగ, కొబ్బరి. కరెంటు స్తంభం, మేడమీద నీళ్ల ట్యాంకు, గేటు పక్కన మీటరు డబ్బా తీసేయొద్దు. ఇంటి ముందు ముగ్గు, తీగమీద ఆరేసిన తువాలు ఒకటీ రెండూ చాలు.

రెండర్

పరీక్షలన్నీ పావు సైజులో, 64 శాంపిల్స్‌తో (ఒక్కో చుక్కకి లెక్కగట్టే కిరణాలు) చేసుకోండి. మొదట అన్నింటికీ ఒకే బూడిద మెటీరియల్ వేసి వెలుతురు ఒక్కటే చూడండి. ఆ బూడిద బొమ్మే బాగుంటే మిగతా పని సగం తేలికవుతుంది, అది బాగోకపోతే ఏ టెక్స్చరూ కాపాడదు. చివరి రెండర్‌కి నాయిస్ త్రెషోల్డ్ 0.01, శాంపిల్స్ 1000 నుంచి 2000, తర్వాత చుక్కలు తుడిచే ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్. శాంపిల్స్ మరీ తగ్గించి భారమంతా డీనాయిజర్ మీద వేస్తే బండ గరుకుదనాన్ని మచ్చ అనుకుని తుడిచేస్తుంది, మనం పడ్డ కష్టమంతా పోతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన గదిలో గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి స్పీడు తగ్గించుకుంటుంది, పెద్ద రెండర్లు రాత్రి పెట్టుకోవడం నయం. యూపీఎస్ ఉండాలి. ఇంట్లో నడుస్తున్నట్టు చూపే వీడియో అయితే నేరుగా వీడియో ఫైలుగా కాక ఒక్కో ఫ్రేము విడి బొమ్మగా సేవ్ చేయండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

రంగులు, పంపడం

వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (వెలుతురు లెక్కని తెరమీది రంగులుగా మార్చే పద్ధతి) బ్లెండర్ 4.0 నుంచి మామూలుగా ఏజీఎక్స్ ఉంటుంది, ఎక్కువ వెలుతురున్న చోట్లని మెత్తగా సర్దుతుంది, ఫొటోలా ఉండాలంటే అదే ఉంచండి. ఒక్క సందర్భంలో మాత్రం మార్చాలి. ఇంటివాళ్లు షేడ్ కార్డు పట్టుకుని పెయింటు రంగు ఎంచుకుంటుంటే ఏజీఎక్స్ ఆ రంగుని కొంచెం వెలిసినట్టు చూపిస్తుంది, అప్పుడు 4.2 నుంచి ఉన్న క్రోనోస్ పీబీఆర్ న్యూట్రల్‌తో ఇంకో బొమ్మ చేసి ఇవ్వండి. అది రంగు చూసుకోవడానికి, మొదటిది ఇల్లు చూసుకోవడానికి అని చెప్పి ఇవ్వండి.

ఫలితాన్ని వెలుతురు వివరం పోకుండా దాచే ఈఎక్స్ఆర్ ఫైలుగా సేవ్ చేసుకుంటే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ తర్వాత మళ్లీ రెండర్ చేయకుండానే సరిచేయొచ్చు. గ్లేర్ (వెలుతురు చుట్టూ మెరుపు) ఉందా లేదా అన్నంత తేలిగ్గా వేయండి, మూలల్లో నలుపు, రంగుల అంచులు వద్దు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేసి బండ గరుకంతా నున్నగా చేసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. తేదీ, టైము బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాయండి: "డిసెంబరు 21, ఉదయం 8 గంటలు, తూర్పు వాకిలి" అని. ఆ బొమ్మనే మేస్త్రీకి కూడా ఒకటి ప్రింటు తీసి ఇవ్వమనండి, సజ్జ ఎంత బయటికి రావాలో, బండల మధ్య సందు ఎంత వదలాలో అందులో చూసుకుంటాడు.